నేను ఫర్త్ నది దాటే కారిబూను

నేను కారిబూ ఆడజింకను. మా జాతిలో ఆడవాటికీ కొమ్ములుంటాయి. మగవి చలికాలం మొదట్లోనే రాల్చేసుకుంటాయి. కడుపుతో ఉన్న మేము మాత్రం ఈనేదాకా ఉంచుకుంటాం. మంచు తవ్వి పాచి బయటపెట్టాక ఆ గుంట మీదికి వచ్చేవాళ్లను తరమాలి కదా.

మాది పోర్క్యుపైన్ మంద. 2017లో మనుషులు విమానాల నుంచి ఫొటోలు తీసి లెక్కిస్తే సుమారు 2,18,000 మంది తేలాం. చలికాలం దక్షిణాన గడిపి, వసంతంలో ఉత్తరానికి నడుస్తాం. దారిలో ఫర్త్ నది అడ్డొస్తుంది. అలాస్కా కొండల్లో పుట్టి, కెనడాలోని యూకాన్‌లోకి వచ్చి, బ్రిటిష్ పర్వతాలను కోసుకుంటూ బోఫర్ట్ సముద్రంలో కలుస్తుంది. మంచుయుగంలో కూడా హిమానీనదాలు ఈ నేలను చాలావరకు తాకలేదు. అందుకే గట్ల మీద రాళ్లు ఇప్పటికీ బురుజుల్లా నిలబడి ఉన్నాయి.

జూన్ మొదట్లో తీర మైదానం చేరి ఈనడం మా ఆనవాయితీ. ఒక ఏడు మంచు కరగడం ఆలస్యమైంది. మైదానం చేరకముందే దారిలోనే ఈనాను. కూన కాళ్లు ఇంకా గట్టిపడనేలేదు, ఎదురుగా నది పొంగుతోంది, మంచుపెళ్లలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తున్నాయి. ప్రవాహం దాని మీద పడకుండా నేను ఎగువ పక్కన ఈదాను. మా వెంట్రుకలు లోపల గుల్లగా ఉంటాయి కాబట్టి తేలగలం. నా కూన గట్టెక్కింది. మా వెనకున్న తల్లి ఒడ్డెక్కి, నీళ్లకేసి చూస్తూ చాలాసేపు అరిచింది.

జూలైలో అదే నది మమ్మల్ని కాపాడుతుంది. అప్పుడు దోమలు మబ్బులా కమ్ముకుంటాయి. ఒక రకం ఈగలు మా వెంట్రుకల మీద గుడ్లు పెడితే, ఆ పురుగులు చర్మం కిందికి దూరతాయి; ఇంకో రకం ఈగలు ముక్కులో పురుగులు వదులుతాయి. మేత మానేసి పరుగెత్తడమే. కానీ ఫర్త్ లోయలో చలికాలమంతా ఊటనీరు పైకి ఉబికి, పొర మీద పొరగా గడ్డకట్టి, మందమైన మంచుపలకలు తయారవుతాయి. ఎండలు ముదిరినా అవి నిలుస్తాయి. వందల మందిమి వాటి మీద ఒత్తుకుని నిలబడతాం. ఆ చల్లగాలికి దోమలు దగ్గరికి రావు. అలాంటి ఊటల దగ్గరే గడ్డకట్టని మడుగుల్లో డాలీ వార్డెన్ చేపలు చలికాలం గడుపుతాయి.

కెనడా వైపు ఈ నేలను 1984లో జాతీయ పార్కు చేశారు, ఇప్పుడది ఇవ్వావిక్. మేము ఈనే మైదానంలో ఎంతో భాగం సరిహద్దు అవతల అలాస్కాలో ఉంది. అక్కడ చమురు లీజులు ఇవ్వాలని 2017లో అమెరికా చట్టం చేసింది. ఈనిన తల్లికి పాలు పడాలంటే అప్పుడే వచ్చే పత్తిగడ్డి మొగ్గలు, లేత ఆకులు కావాలి. ఆ మేత ఆ వేళకు ఆ మైదానంలో దొరుకుతుంది. తవ్వకాలు మొదలైతే యంత్రాల చప్పుడుకు కూనలున్న తల్లులు దూరం జరుగుతాయి. దక్షిణాన మిగిలేది కొండలే. తోడేళ్లు, గ్రిజ్లీ ఎలుగులు, బంగారు గద్దలు ఎక్కువగా తిరిగేది అక్కడే.