ప్రపంచోత్తమ బంగాళాదుంపలు

బాగాలేని సినిమాని బాగాలేదనే హక్కు రాజ్యాంగంలో ఉన్నా లేకపోయినా, ఆవులింత వచ్చినప్పుడు నోరు తెరిచే హక్కయినా గృహస్థుడికి మిగలాలి కదండీ. అదీ పోయింది. బ్రిటన్‌లో 'సైట్ అండ్ సౌండ్' అని ఒక పత్రిక ఉంది. ప్రపంచంలోకెల్లా గొప్ప సినిమా ఏదో 1952 నుంచి పదేళ్లకోసారి విమర్శకుల చేత ఓట్లేయించి తేలుస్తుంది. 1962 నుంచి 2002 దాకా వరసగా అయిదుసార్లు 'సిటిజెన్ కేన్' గెలిచింది. 2012లో హిచ్‌కాక్ 'వెర్టిగో' దాన్ని దింపింది. 2022లో 1,639 మంది విమర్శకులు కూడి ఇంకోదాన్ని గద్దెనెక్కించారు. మనల్నెవరూ అడగలేదు. పట్టాభిషేక మహోత్సవానికి మా హాల్లో కుర్చీలు సర్దింది మాత్రం నేను.

పేరు వినండి: 'జాన్ డీల్మన్, 23, కే దు కొమెర్స్, 1080 బ్రసెల్స్'. డోర్ నంబరు, వీధి, పిన్‌కోడు, ఊరు. సినిమా పేరా, కొరియర్ కవరా? దర్శకురాలు షాంతాల్ అకెర్మాన్. 1975లో కాన్‌లో ఈ సినిమా చూపించేనాటికి ఆమెకి పాతికేళ్లు నిండలేదట. ఈ సంగతి ఎవరు చెప్పినా మన వయసు కనుక్కుని మరీ చెబుతారు, గమనించారా? నిడివి 201 నిమిషాలు. మా ఆవిడ బజ్జీలు వేసింది. మావాడి ఫోను బీరువాలో పెట్టి తాళం వేశాను. మా అమ్మ భాగవతం మూసి, కళ్లజోడు తుడుచుకుని వచ్చి కూర్చుంది. అరగంటలో బజ్జీలు అయిపోయాయి. సినిమా మొదలవలేదు.

మొదలైందని తర్వాత తెలిసింది. ఒక వితంతువు, ఎదిగిన కొడుకు, ఒక ఫ్లాటు, మూడు రోజులు. ఆమె గిన్నెలు కడుగుతుంది. పక్క దులుపుతుంది. కొడుకు బూట్లు పాలిష్ చేస్తుంది. ఖీమా పిసుకుతుంది, పిసుకుతూనే ఉంటుంది. కోటు గుండీ ఒకటి ఊడితే దానికి జోడీ కోసం ఊళ్లో కొట్లన్నీ ఎక్కి దిగుతుంది. కెమెరా పాతేసిన రాటలా ఉన్నచోటే ఉంటుంది. నేపథ్య సంగీతం లేదు. నిడివికి భయపడే జాతి కాదు మనది: 'దాన వీర శూర కర్ణ' నాలుగు గంటలకి కాస్త తక్కువ, రెప్ప వేయకుండా చూశాం. అందులో ఎన్టీఆర్ ఒక్కడే కృష్ణుడూ, కర్ణుడూ, దుర్యోధనుడూ అయ్యాడు. మాయాజూదం, రాయబారం, కురుక్షేత్రం అన్నీ పట్టాయి. ఇక్కడ ఇంచుమించు అంతసేపూ కూర్చుంటే, గుండీ దొరకలేదు.

మధ్యాహ్నాలు మాత్రం రోజుకొక పెద్దమనిషి వస్తాడు. తలుపు మూసుకుంటుంది. వెళుతూ ఆమె చేతిలో డబ్బు పెడతాడు. నా గుండె ఆగింది. "అద్దెకున్నవాడు కాబోలు, అడక్కుండానే ఇస్తున్నాడు" అంది మా అమ్మ. రెండోనాడు వేరే ఆయన. "పోర్షన్లు చాలా ఉన్నట్టున్నాయి రా." ఆమె ఆ డబ్బుని భోజనాల బల్ల మీది సూపు గిన్నెలో వేసింది. "పోపుల డబ్బాలో మనం దాచుకోమూ!" అని మా అమ్మకి ఆ దేశం మీద గౌరవం పెరిగింది. యథార్థం విన్నవించే బాధ్యతని నేను భావితరాలకి వదిలేశాను.

నిష్పక్షపాతంగా ఒక్కటి చెప్పాలి. ఆ మహాతల్లి గదిలోంచి బయటికి వస్తూ లైటు ఆర్పుతుంది. ఏ గదైనా సరే. సినిమా ఆపి మావాడికి రెండుసార్లు చూపించాను. ఇంత ఉదాత్తమైన పాత్రపోషణ నేను ఎరగను. వాడు బాత్రూముకి వెళ్లొచ్చాడు. లైటు వెలుగుతూనే ఉంది.

అసలు ద్రోహం మా ఆవిడ వైపునుంచి జరిగింది. రెండోనాడు తెరమీద బంగాళాదుంపలు మెత్తగా ఉడికిపోయాయి. ఆమె ఆ గిన్నె పట్టుకుని ఎక్కడ పెట్టాలో తోచక ఇల్లంతా తిరుగుతోంది. నేను నవ్వబోయాను. "ఊరుకోండి. ఆవిడకేదో అయింది" అంది మా ఆవిడ. ఏమైందే? ఎవరూ ఏమీ అనలేదే? "వంట తప్పే మనిషి కాదు ఆవిడ" అని ముందుకి జరిగి కూర్చుంది. మా అమ్మా జరిగింది. 1,639 మంది సంగతి ఒక్క ముక్క తెలియని ఆడవాళ్లిద్దరూ కాఫీ కూడా మానేసి చూస్తున్నారు. జాబితా చదివి, అందరినీ కూర్చోబెట్టిన నాకే నిద్రొస్తోంది.

మూడోనాడు, సరిగ్గా చివర్లో, గ్యాస్ సిలిండర్ వచ్చింది. పాజ్ చేయమన్నాను. "ఏం జరిగిపోతుంది నాన్నా, వెళ్లిరా" అన్నాడు మావాడు. వెళ్లాను. తూకం చూపించమన్నాను, చిల్లర లేదన్నాడు, వెతికాను, వచ్చాను. ఈలోపు ఆవిడ కత్తెరతో మనిషిని పొడిచి చంపేసింది! 201 నిమిషాల్లో జరిగిన ఒకే ఒక్క సంఘటన, నేను వీధి గుమ్మంలో పది రూపాయల నోటు కోసం జేబులు తడుముకుంటుండగా జరిగింది. వెనక్కి తిప్పమంటే ముగ్గురూ ఒక్క గొంతుతో "ష్" అన్నారు. ఆమె చీకట్లో బల్ల దగ్గర ఊరికే కూర్చుని ఉంది. కూర్చునే ఉంది. వీళ్లూ అలాగే కూర్చున్నారు. మా ఇంట్లో కరెంటు పోయినప్పుడు కూడా ఇంత నిశ్శబ్దం లేదు.

అయిపోయాక మా ఆవిడ ఒకే ఒక్క విమర్శ చేసింది. "మూడు రోజులూ ఆ కొడుకు తిని లేచిపోయాడే తప్ప కంచం తీశాడా?" అడిగింది తెరని కాదు. నా ముందున్న ఖాళీ బజ్జీల పళ్లేన్ని, దాని వెనకున్న నన్నూ, మావాడినీ వరసగా చూసింది. సినిమాల ప్రభావం సమాజం మీద ఉండదని వాదించే మేధావులు మా చిరునామాకి దయచేయగలరు.

నిన్న సాయంత్రం కిలో బంగాళాదుంపలు నేను చెక్కు తీశాను. బల్ల ముందు నిటారుగా కూర్చుని, అటూ ఇటూ చూడకుండా, అచ్చం ఆ పాత్ర వేసిన డెల్ఫీన్ సెరిగ్ చేసినట్టే, కళకి కావలసినంత తాపీగా తీశాను. మా అమ్మ అటుగా వచ్చి, ఆగి, కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూసింది.

"చెక్కుతోపాటు సగం దుంప పోతోంది రా" అంది.