బ్యాంకు నిల్వ అడగని దరఖాస్తు

పరాయి దేశంలో పని చేసుకునేందుకు ఇచ్చే అనుమతులను స్థూలంగా రెండు తరగతులుగా విభజించవచ్చు: చేతిలో డబ్బెంత ఉందో అడిగేవి, అడగనివి. బ్రిటన్ మొదటి తరగతికి చెందుతుంది. అక్కడి స్కిల్డ్ వర్కర్ వీసా కోరేవారు, యజమాని పూచీ పడని పక్షంలో, 1,270 పౌండ్లు తమ ఖాతాలో 28 రోజులపాటు కదలకుండా ఉన్నట్టు రుజువు చూపాలి. 28 రోజుల కోసం బాబాయి ఖాతాలోంచి వచ్చి, 29వ రోజున సొంత గూటికి వెళ్లిపోయే సొమ్మును తెలుగునాట ‘షో మనీ’ అంటారు. సింగపూర్ రెండవ తరగతిది. అక్కడి ఎంప్లాయ్‌మెంట్ పాస్ దరఖాస్తులో అభ్యర్థి పొదుపు ఎంతో రాయడానికి గడే లేదు. నెలాఖరుకు ఖాతాలో మినిమం బ్యాలెన్సు నిలిస్తే చాలనుకునే హైదరాబాదు ఇంజనీరు దీన్ని సమానత్వానికి పరాకాష్ఠగా భావించి సంతోషించడం సహజం. ఆ సంతోషానికి అయ్యే ఖర్చును పద్దులవారీగా పరిశీలించడం ఉపయుక్తం.

పరిశీలనకు సింగపూర్‌లోని వన్-నార్త్ అనువైన క్షేత్రం. భూమధ్యరేఖకు దాదాపు ఒక డిగ్రీ ఉత్తరాన ఉన్న దేశమనే లెక్కతో పేరు పెట్టుకున్న ఈ ప్రాంతాన్ని బువోనా విస్టా దగ్గర సుమారు 200 హెక్టార్లలో జేటీసీ అనే ప్రభుత్వ సంస్థ 2001 నుంచి అభివృద్ధి చేస్తూ వచ్చింది. దాని రూపురేఖలు గీసింది ప్రసిద్ధ వాస్తుశిల్పి జహా హదీద్ సంస్థ. ఇక్కడ బయోపొలిస్‌లో జీవశాస్త్ర పరిశోధనలు జరుగుతాయి, ఫ్యూజనోపొలిస్‌లో సాంకేతిక సంస్థలుంటాయి, అయెర్ రాజా క్రెసెంట్‌లో ఒకప్పటి ఫ్యాక్టరీ భవనమైన బ్లాక్ 71లో స్టార్టప్‌లు పుట్టి, కొన్ని బతుకుతాయి. జీనోమ్, ప్రోటియోస్, సింబయోసిస్ అని పేర్లున్న భవనాల్లో కుర్చీ దొరకడమంటే సగం డాక్టరేటు చేతికొచ్చినట్టేనని హైదరాబాదులోని అమీర్‌పేట హాస్టళ్లలో ఒక గౌరవభావం ఉన్నది.

మొట్టమొదట గ్రహించవలసిన సంగతి, ఎంప్లాయ్‌మెంట్ పాస్ దరఖాస్తును అభ్యర్థి పెట్టుకోలేడు. వృత్తి నిపుణులకు, మేనేజర్లకు ఉద్దేశించిన ఈ పాస్‌ను ఉద్యోగమిచ్చే సంస్థ గానీ, అది నియమించిన ఏజెంటు గానీ కోరాలి. దరఖాస్తు రుసుము 105 సింగపూర్ డాలర్లు, జారీ రుసుము 225 డాలర్లు. రెండూ యజమాని భరించవలసినవే, పైగా ఉద్యోగం ఇచ్చినందుకు ఉద్యోగి దగ్గర సొమ్ము పుచ్చుకోవడం అక్కడ నేరం. కాబట్టి శాస్త్రప్రకారం అభ్యర్థికి అయ్యే ఖర్చు సున్నా. అమీర్‌పేటలోని మైత్రీవనం చుట్టుపక్కల గోడలమీద అంటించిన కాగితాలను శ్రద్ధగా చదివితే మాత్రం ఆ సున్నాను ఎన్ని వాయిదాల్లో చెల్లించవచ్చో బోధపడుతుంది: రెజ్యూమె దిద్దినందుకు కొంత, ఇంటర్వ్యూ ‘సపోర్టు’కు కొంత, డాక్యుమెంటేషన్‌కు కొంత, ఇవన్నీ అయ్యాక కూడా పిలుపు రాకపోతే ఓదార్చినందుకు మరికొంత.

తరువాతి మెట్టు జీతం. 2025 జనవరి నుంచి కొత్త దరఖాస్తులకు కనీస నెలజీతం 5,600 డాలర్లు, ఆర్థిక సేవల రంగంలోనైతే 6,200. వయసుతోపాటు ఈ కనీసం కూడా పెరిగి, 45 ఏళ్లు వచ్చేసరికి సాధారణ రంగాల్లో 10,700కు చేరుతుంది. వయసొచ్చేకొద్దీ మనిషి విలువ పెరుగుతుందని లిఖితపూర్వకంగా ఒప్పుకున్న ప్రభుత్వాలు అరుదు. ఆ విలువను చెల్లించడానికి ఒప్పుకునే యజమానులు అంతకన్నా అరుదు.

ఈ గడప దాటినవారికి 2023 సెప్టెంబరు 1 నుంచి కంపాస్ అనే మార్కుల పరీక్ష ఎదురవుతుంది. జీతం, చదువు, సంస్థలోని జాతీయతల వైవిధ్యం, స్థానికులకు ఆ సంస్థ కల్పిస్తున్న ఉపాధి అనే నాలుగు ప్రధాన ప్రమాణాలకు ఒక్కొక్కదానికి 0, 10 లేదా 20 మార్కులు వేస్తారు. కొరతలో ఉన్న నైపుణ్యాలకు, ప్రభుత్వ ఆర్థిక ప్రాధాన్యాలకు తోడ్పడే సంస్థలకు అదనపు మార్కులుంటాయి. మొత్తం 40 వస్తే ఉత్తీర్ణత. వరుడి జీతమెంత, చదువేమిటి, అటువైపు చుట్టాలెవరు, ఊళ్లో వారికి మంచిపేరుందా అని ఆరా తీసే పెళ్లిళ్ల పేరయ్యకు ఈ పద్ధతిలో కొత్తదనమేమీ కనిపించదు; పేరయ్య ఆస్తిపాస్తులు కూడా అడుగుతాడు, అంతే తేడా. నెలకు 22,500 డాలర్లు, ఆపైన అందుకునేవారికి ఈ పరీక్షే లేదు. మార్కులు లెక్కపెట్టడం మార్కులు చాలనివారికే అనేది సర్వదేశీయ న్యాయం గనుక దీన్ని సింగపూర్ ప్రత్యేకతగా చెప్పుకోనక్కరలేదు.

లెక్క ఎలా నడుస్తుందో బ్లాక్ 71 తరహా చిన్న సంస్థతో చూడవచ్చు. కనీస జీతం మీద తీసుకున్న ఇంజనీరుకు జీతం పద్దు కింద సాధారణంగా సున్నా వస్తుంది, ఎందుకంటే పది మార్కులు రావాలంటే ఆ రంగంలోని స్థానిక నిపుణుల్లో నూటికి 65 మంది కంటే ఎక్కువ జీతం ఉండాలి. మామూలు డిగ్రీకి 10, నిపుణులు పాతికమంది కంటే తక్కువగా ఉన్న సంస్థలకు వైవిధ్యం, స్థానిక ఉపాధి పద్దుల్లో అప్రయత్నంగా చెరొక 10, వెరసి 30. మిగిలిన పదింటి కోసం కాగితం మీద జీతం పెంచి, పెంచినది ప్రతినెలా చేతికి తిరిగి ఇమ్మనే మేధావులు ఎక్కడైనా ఉంటారు. దానికి చట్టం పెట్టిన పేరు సర్దుబాటు కాదు, నేరం.

వైవిధ్యమనే మూడవ ప్రమాణం తెలుగు సామాజిక వ్యవస్థకు సూటిగా తగులుతుంది. సంస్థలోని పీఎంఈటీలలో, అనగా వృత్తి నిపుణులు, మేనేజర్లు, ఎగ్జిక్యూటివ్‌లు, టెక్నీషియన్లలో, అభ్యర్థి దేశస్థులు 5 శాతం లోపే ఉంటే 20 మార్కులు; వారు 25 శాతానికి చేరితే సున్నా. 1975లోనే తెలుగు సమాజం ఏర్పడిన ఆ దేశంలో కొత్తవారికి దారి చూపే పెద్దలకు కొదవలేదు. ఖాళీ ఉన్నదని చెప్పింది పెద్దమ్మగారి అబ్బాయి. అతనికి చెప్పింది కాలేజీ సీనియర్. సీనియర్‌కు చెప్పింది ఒకప్పటి రూమ్మేటు, ఆ రూమ్మేటు బామ్మర్ది అదే ఫ్లోరులో టీమ్ లీడు. వీరందరూ అక్కడ ఉన్నందువల్లనే రిఫరల్ దొరికింది, ఉన్నందువల్లనే సున్నా కూడా వచ్చింది. బంధుత్వమే బంధనమని వేదాంతులు ఎంతకాలంగా చెబుతున్నా, శాతాల్లో నిరూపించిన ఘనత మాత్రం సింగపూర్‌కే దక్కింది.

చదువు పద్దులో మార్కులు పడాలంటే పట్టా ఉండడం చాలదు, అది అసలైనదేనని ధ్రువీకరణ తేవాలి. ప్రొవిజనల్ సర్టిఫికెట్ బీరువాలో ఉంటుంది. కన్సాలిడేటెడ్ మార్క్స్ మెమో కాలేజీ ఆఫీసులో ఉంటుంది. ఓడీ అని అందరూ పిలిచే ఒరిజినల్ డిగ్రీ, రుసుము కట్టి అడిగినవారు లేక, ఏళ్ల తరబడి విశ్వవిద్యాలయంలోనే విశ్రాంతి తీసుకుంటూ ఉంటుంది. వీటిని పాత మెమోలతో, పాస్‌పోర్టుతో కలిపి ఒకచోట పరిచి చూస్తే మరొక విశేషం బయటపడుతుంది. పదవ తరగతి మెమోలో ముందు నిలబడి నిండుగా కనిపించిన ఇంటిపేరు ఇంటర్ మెమోలో పొడి అక్షరంగా కుంచించుకుపోతుంది, డిగ్రీలో వెనక్కి జరుగుతుంది, పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిని ఖాళీగా వదిలేసి అసలు పేరులో కలిసిపోతుంది. ఈ నలుగురూ ఒక్కరేనని నోటరీ ఎదుట ప్రమాణం చేసే ఖర్చును ఏ యజమానీ భరించడు. ఇక లేని అనుభవాన్ని ఉన్నట్టు చూపే ఉత్తరాల విషయానికొస్తే, తప్పుడు ప్రకటనకు అక్కడ 20,000 డాలర్ల వరకు జరిమానా గానీ, రెండేళ్ల వరకు జైలు గానీ, రెండూ గానీ విధించవచ్చు. పొదుపు లేనివారికి రెండవది చవకగా తోచినా, జైల్లో ఉన్నంతకాలం ఈఎంఐ ఆగదు.

దరఖాస్తు పెట్టడానికి ముందు ఆ ఉద్యోగాన్ని మైకెరీర్స్‌ఫ్యూచర్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో కనీసం 14 రోజులు ప్రకటించి, స్థానికులను న్యాయంగా పరిశీలించాలి; పదిమంది కంటే తక్కువ ఉద్యోగులున్న సంస్థలకు మినహాయింపు ఉంది. ఆ 14 రోజులూ అభ్యర్థి చేయగలిగినదేమీ లేదు కనుక, గండిపేట జలాశయం దగ్గర వీసా బాలాజీగా పేరొందిన చిలుకూరు స్వామివారి సన్నిధికి వెళతాడు. కోరిక చెప్పుకోవడానికి 11 ప్రదక్షిణలు, తీరిన తరువాత 108. అప్పాయింట్‌మెంటు అక్కరలేదు, హుండీ లేదు. మొత్తం ప్రక్రియలో డబ్బు పుచ్చుకోకుండా నడిచే కార్యాలయం ఇదొక్కటే అనడం అతిశయోక్తి కాదు.

అన్నీ కలిసివస్తే సాధారణంగా పది పనిదినాల్లో ఐపీఏ, అంటే సూత్రప్రాయ ఆమోదపత్రం, వస్తుంది. చుట్టాలకు మిఠాయి పంచేది దీన్ని చూసే. అసలు ఖర్చు మొదలయ్యేదీ దీనితోనే. హైదరాబాదు సంస్థ 90 రోజుల నోటీసు ఇమ్మంటుంది, సింగపూర్ సంస్థ నెలలోపు రమ్మంటుంది, మధ్యలో మిగిలిన రోజులను అభ్యర్థి తన జీతంతోనే కొనుక్కోవాలి. దీనికి బయౌట్ అని పేరు. విదేశాలకు పంపుకునే డబ్బు విషయంలో మాత్రం ఏ ఇబ్బందీ లేదు. రిజర్వ్ బ్యాంకు పథకం ప్రకారం ఒక్కొక్క భారతీయుడు ఏడాదికి 2,50,000 అమెరికన్ డాలర్ల వరకు పంపుకోవచ్చు. హాస్టల్ బాకీ తీర్చని యువకుడికి కూడా ఇంత స్వేచ్ఛనిచ్చిన వ్యవస్థను ఎవరూ నిందించలేరు.

వన్-నార్త్ చేరువలోని గిమ్ మో, డోవర్ ప్రాంతాల్లో, ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ కట్టిన హెచ్‌డీబీ ఫ్లాట్లలో, ఒక గది అద్దె నెలకు వెయ్యి సింగపూర్ డాలర్లు దాటడం మామూలే. తాళంచెవి చేతికి రావాలంటే ఒక నెల అద్దె, ఒక నెల డిపాజిట్, ఒప్పందకాలపు మొత్తం అద్దెమీద 0.4 శాతం స్టాంపు సుంకం ముందే చెల్లించాలి. రూపాయల్లో లక్ష దాటుతుంది. గది ప్రకటనలో మూడు షరతులుంటాయి: ఏసీ రాత్రివేళ మాత్రమే, అతిథులు కూడదు, ‘లైట్ కుకింగ్’ అనుమతించబడును. లైట్ కుకింగ్ పరిధిలోకి నూడుల్స్ వస్తాయి, గుడ్డు ఉడకబెట్టడం వస్తుంది, పోపు రాదు. నూనె కాగి, ఆవాలు చిటపటలాడి, ఎండుమిరపకాయ రంగు తిరిగే క్షణాన యజమానురాలి గది తలుపు తెరుచుకుంటుంది. ఇంగువ పడే సమయానికి డిపాజిట్ ప్రస్తావన వస్తుంది.

జీతం నెల ముగిసిన ఏడు రోజుల్లోగా చెల్లించాలని అక్కడి చట్టం. అంటే ఒకటో తేదీన చేరినవారు మొదటి జీతం కళ్లజూడడానికి 37 రోజుల వరకు పట్టవచ్చు. దరఖాస్తు అడగని పొదుపును ఈ 37 రోజులు అడుగుతాయి. సమాధానంగా తండ్రిగారి పీఎఫ్ కరుగుతుంది, తల్లిగారి గాజులు గోల్డ్ లోన్ కౌంటరులో తూకానికి ఎక్కుతాయి. అక్కడ నెలనెలా జీతంలో ఆదాయపన్ను కోయరు, బిల్లు మరుసటి ఏడాది వస్తుంది. అది వచ్చేసరికి, పన్నుకు ఉంచుకోవలసిన సొమ్ము గాజులను విడిపించడానికి వెళ్లిపోయి ఉంటుంది.

గాజులిచ్చిన తల్లిని అక్కడ దగ్గర ఉంచుకోవాలంటే, అందుకు అవసరమైన దీర్ఘకాలిక సందర్శన పాస్‌కు కొడుకు నెలజీతం కనీసం 12,000 డాలర్లు ఉండాలి. భార్యను తీసుకువెళ్లే డిపెండెంట్ పాస్‌కు 6,000 చాలు. పనిచేయడానికి 5,600 చాలునన్న ప్రభుత్వమే కాపురానికి 6,000 కావాలంటున్నది గనుక, ఆ 400 డాలర్ల అంతరాన్ని దాంపత్యానికి కట్టిన అధికారిక వెలగా ఆర్థికశాస్త్రవేత్తలు గుర్తించవచ్చు.

ఉద్యోగం పోయిన పక్షంలో లెక్క మరింత కచ్చితంగా ఉంటుంది. పాస్ రద్దయ్యాక దేశంలో ఉండడానికి సాధారణంగా 30 రోజుల గడువిస్తారు. విదేశీ ఉద్యోగి మానేస్తున్నాడని తెలియగానే యజమాని పన్నుశాఖకు చెప్పి, లెక్క తేలేదాకా లేదా 30 రోజులదాకా అతనికి రావలసిన సొమ్మంతా నిలిపి ఉంచాలి. దీన్నే టాక్స్ క్లియరెన్స్ అంటారు. అద్దె గడువుకు ముందే ఇల్లు ఖాళీ చేయాలంటే ఒప్పందంలో డిప్లొమాటిక్ క్లాజ్ ఉండాలి. ఉద్యోగం పోయి దేశం విడిచేవారికి మినహాయింపునిచ్చే ఈ నిబంధన సాధారణంగా ఏడాది అద్దెకున్నాక, రెండు నెలల నోటీసుతో గానీ అమలుకు రాదు. 30 రోజుల్లో దేశం వదలవలసినవారు 60 రోజుల నోటీసు ఎలా ఇస్తారన్నది న్యాయశాస్త్ర విద్యార్థులకు వదలదగిన ప్రశ్న.

కావున కంపాస్‌లో ఇప్పుడున్న ఆరు ప్రమాణాలకు ఏడవదిగా ‘కుటుంబ పూచీ’ని చేర్చడం సమంజసం: తండ్రి పీఎఫ్‌కు 10, తల్లి గాజులకు 20, చెల్లెలి పెళ్లికి దాచిన సొమ్మును ముట్టుకోకుండా నెట్టుకొచ్చినవారికి మరో 10. అలా చేస్తే బయోపొలిస్ నుంచి బ్లాక్ 71 దాకా పనిచేస్తున్న తెలుగువారిలో అత్యధికులు ఈ ఒక్క పద్దుతోనే గట్టెక్కుతారు. గట్టెక్కలేనివారు ఎటూ అమీర్‌పేట దాటలేదు; ఆఫర్ లెటర్ చేతికొచ్చిన రోజునే ఇంట్లో లెక్క వేసుకుని విరమించుకున్నారు. వారి దరఖాస్తును ఏ మంత్రిత్వశాఖా తిరస్కరించలేదు గనుక, తిరస్కరణల పట్టికలో కూడా వారికి చోటు లేదు.