ఆయిలు ప్రెషరు బాబాయి

పాత కార్ల మనుషుల్లో చాలా రకాలున్నారు. తుడిచేవాళ్లు కొందరు. బండి బయటికి తియ్యరు గానీ రోజూ తుడుస్తారు. ‘ఒరిజినల్’ వాళ్లు కొందరు. వీళ్లకి కొత్త బోల్టు కనిపిస్తే మైల తగిలినట్టే. పెళ్లి ఊరేగింపులకి పువ్వులు కట్టించి తిప్పేవాళ్లు ఇంకొందరు. వీళ్లెవరివల్లా జనానికి ఇబ్బంది లేదు. నేను చెప్పబోయేది నాలుగో రకం. విజయవాడలోనే కాదు, అంబాసిడరో ఫియటో ఇంకా స్టార్టవుతున్న ప్రతి ఊళ్లోనూ ఈయన ఒకరుంటారు. మా వీధిలో ఆయన్ని ఆయిలు ప్రెషరు బాబాయి అంటారు.

గుర్తుపట్టడం తేలిక. కారు నడిపేవాళ్లు రోడ్డు చూస్తారు. బాబాయి డ్యాష్‌బోర్డు కింద చూస్తారు. రోడ్డు చూసే పూచీ పక్కసీటువాళ్లది. ‘‘బాబాయ్, గేదె!’’ అని మనం కేకేస్తే, ‘‘ఎంతలో ఉంది?’’ అంటారు. ఆయన అడిగేది ఆయిలు ప్రెషరు గేజీ ముల్లు గురించి.

బండి 1976 అంబాసిడర్, మార్క్ త్రీ. ‘‘ఇంగ్లండులో ఎం.జి.ఏ. స్పోర్ట్స్ కారుకి పెట్టిందీ ఇదే 1489 సి.సి. ఇంజను’’ అని కూరగాయల బండివాడికి కూడా చెప్పారు. అంబాసిడర్ల తయారీ 2014లో ఆగిపోయింది, కాబట్టి ఉన్నదాన్ని కంటికి రెప్పలా చూసుకోవాలన్నది ఆయన వాదన. ఆ మాటలో తప్పు పట్టడానికేం లేదు. అయితే ఆ రెప్ప వాలదు.

పొద్దున్నే ఇంటికెళ్లామా, అయిపోయాం. కాఫీ రాకముందే బండి దగ్గరికి తీసుకెళ్తారు. చల్లటి ఇంజను స్టార్ట్ చేస్తే ముల్లు 60 దాకా లేస్తుంది. రాత్రంతా చల్లబడిన ఆయిలు చిక్కగా ఉంటుంది కదా, సందుల్లోంచి పోవడానికి మొరాయిస్తుంది. అక్కడ రిలీఫ్ వాల్వు తెరుచుకుని ఎక్కువైన ఆయిల్ని తిరిగి సంపులోకి వదిలేస్తుంది గనక ముల్లు 60 దాటదు. బాబాయి ముఖంలో మాత్రం ఆ వాల్వు ప్రతాపమంతా ఆయనదే. మధ్యాహ్నం రెండింటికి, మే నెల ఎండలో బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర ఐడ్లింగులో ముల్లు 15కి దిగితే అదే మనిషి దిగులుగా కిటికీలోంచి దుర్గగుడి వైపు తిరిగి దణ్ణం పెడతారు. కాగిన ఇంజను ఐడ్లింగులో 15 పౌండ్లు చూపించడం ఆ ఇంజనుకి సహజమే. ఆ సంగతి ఆయనకి తెలియదా? మనకి చెప్పిందే ఆయన.

అసలు రోగం వేరే ఉంది. ముల్లు తగ్గిందని కాదు, ముల్లు నిజం చెబుతోందా అని.

ఆ అనుమానంతోనే పాత గేజీ పక్కన కరెంటు గేజీ ఒకటి వెలిసింది. దీని పద్ధతి ఏమిటంటే, ఇంజను బ్లాకుకి ఒక సెండరు బిగిస్తారు. ప్రెషరు మారిన కొద్దీ దాని ఓములు మారతాయి, ఆ ఓముల్ని బట్టి ముల్లు కదులుతుంది. చిక్కల్లా, సెండర్లు అన్నీ ఒక జాతివి కావు. ఒక రకం ప్రెషరు లేనప్పుడు 10 ఓములతో మొదలై 180 దాకా పెరుగుతుంది. ఇంకో రకం 240తో మొదలై 33కి తగ్గుతుంది. బాబాయి గేజీ ఒక రకంలో, సెండరు ఇంకో రకంలో కొన్నారు. రెండుచోట్లా బేరం బాగా కుదిరిందట. ఫలితం, తాళం తిప్పగానే ఇంజను స్టార్టవకుండానే ముల్లు చివరి అంకె దాటి కూర్చుంది. స్టార్ట్ చేస్తే కిందికి దిగింది. రేసు చేస్తే ఇంకా దిగింది. ‘‘ఇంజను విశ్రాంతిగా ఉన్నప్పుడు ఎంత ఆరోగ్యంగా ఉందో చూశావా!’’ అని పిన్నిని పిలిచి చూపించారు. పిన్ని చూసింది. ‘‘అయితే స్టార్ట్ చెయ్యకండి’’ అంది. ఆ ఇంట్లో కార్ల విషయమై వచ్చిన తెలివైన సలహా అదొక్కటే.

సెండరు మార్చారు. ఈసారి ఆయిలు కారకుండా మరల చుట్టూ టెఫ్లాన్ టేపు దిట్టంగా చుట్టారు. సెండరుకి ఎర్తు అందేదే ఆ మరల గుండా. దాన్ని టేపుతో కప్పేస్తే ముల్లు దాని ఇష్టం వచ్చింది చెబుతుంది. చెప్పింది కూడా.

కరెంటుతో విసిగి మూడో గేజీకి వచ్చారు, గొట్టం గేజీ. ఇందులో వైర్లు లేవు, సన్నటి గొట్టంలో ఆయిలే గేజీ దాకా వస్తుంది. లోపల వంచిన బల్లపరుపు గొట్టం ఒకటుంటుంది, ప్రెషరు తగిలితే నిటారు కావడానికి చూస్తుంది, ఆ కదలికే పళ్లచక్రం మీదుగా ముల్లుని తిప్పుతుంది. యూజీన్ బూర్డాన్ అనే ఫ్రెంచాయన 1849లో పేటెంటు తీసుకున్న ఉపాయం, ఈరోజుకీ బాయిలర్ల మీద పనిచేస్తోంది. రాగి గొట్టం వేసి, ఇంజను అదురుకి తెగకుండా రెండు చుట్లు చుట్టి బిగిస్తే దానంత నమ్మకమైంది లేదు. బాబాయి చవగ్గా వస్తోందని ప్లాస్టిక్ గొట్టం వేశారు. అది ఏలూరు పెళ్లికి వెళ్తుంటే హనుమాన్ జంక్షన్ దగ్గర పగిలి, ముందుసీట్లో కూర్చున్న వియ్యంకుడి పట్టుపంచె మీద కాగిన ఆయిలు పోసింది. వియ్యంకుడు అరిచాడు. బాబాయి సున్నాకి పడ్డ ముల్లు చూసి అంతకన్నా గట్టిగా అరిచారు.

రాగి గొట్టం వచ్చాక డ్యాష్‌బోర్డు దగ్గర ముగ్గురు సాక్షులు తయారయ్యారు. ఒకే ఇంజను, ఒకే వేగం. ఒకటి 40 అంటుంది, ఒకటి 25, ఒకటి 36. బాబాయి మూడూ కూడి మూడుతో భాగించి ఆ అంకె పుస్తకంలో రాసుకునేవారు. దొంగసాక్ష్యాన్ని సగటు తీస్తే నిజం రాదని ఆయనకి చెప్పగలిగినవాడు ఆటోనగర్‌లో ఒక్క మేస్త్రీయే.

ఆ మేస్త్రీ గొంతు పెంచడు. గొట్టంలో గాలి చేరింది, తీసెయ్యమంటే, ‘‘గాలి ఉన్నా ప్రెషరు అందుతుంది సార్’’ అన్నాడు. చిక్కటి ఆయిలు పోస్తే ముల్లు లేస్తుంది కదా అంటే ఇలా చెప్పాడు. ‘‘పంపు ప్రెషరు పుట్టించదు సార్. ఆయిలు తోస్తుందంతే. బేరింగుల సందులో అది ఇరుకునపడితే దాని పేరే ప్రెషరు. ఆయిలు మరీ చిక్కనైతే ముల్లు లేస్తుంది, బేరింగుకి ఆయిలు తగ్గుతుంది. మీకు ముల్లు కావాలా, బేరింగు కావాలా?’’

బాబాయి నిజాయితీగా ఆలోచించారు. ‘‘ముల్లు’’ అన్నారు.

చివరికి మేస్త్రీ చెయ్యవలసిందే చేశాడు. మూడు గేజీల్నీ విప్పించి, బాయిలర్ గేజీలు సరిచేసే షాపుకి పంపాడు. అక్కడొక యంత్రం ఉంటుంది. కొలత తెలిసిన పిస్టన్ మీద బరువు తెలిసిన బిళ్లలు పెడతారు, బరువుని వైశాల్యంతో భాగిస్తే వచ్చేదే ప్రెషరు. దానికి మొహమాటం లేదు. రాగి గొట్టం గేజీ పొడుగునా 4 పౌండ్లు ఎక్కువ చూపిస్తోందని తేలింది. ముల్లు పీకి సరైన చోట పెట్టారు. కరెంటు గేజీకి ముఖం మీద 100 దాకా అంకెలున్నాయి. దానికున్న మూడు శాతం తేడా అంటే మొత్తం 100 మీద అని షాపువాడు చెప్పాడు. 60 దగ్గర మూడు పౌండ్లు అటూ ఇటూ అయితే పెద్ద మాట కాదు, 15 దగ్గర అయిదో వంతు తప్పు. బాబాయి నిద్రపోనిది సరిగ్గా ఆ 15 దగ్గరే.

సరిచేసిన గేజీ తిరిగొచ్చింది. బండిని ఇబ్రహీంపట్నం దాకా తిప్పి, ఇంజను బాగా కాగాక, ఆయిలు మట్టం చూసి, అప్పుడు రీడింగు తీశారు. ఐడ్లింగులో 18. రెండు వేల ఆర్.పి.ఎం. మీద 48. మేస్త్రీ తన పెట్టెలో గుడ్డలో చుట్టి దాచుకున్న గేజీని నేరుగా బ్లాకుకే బిగించి చూపించాడు. అదీ అంతే. ‘‘ఇంజను రాయిలా ఉంది సార్. ఇక బానెట్ ఎత్తకండి’’ అన్నాడు.

ఆ రాత్రి బాబాయి అన్నం సరిగా తినలేదు. ఇన్నేళ్లూ అనుమానం తోడుండేది, ఆదివారాలు గడిచేవి. రెండు రోజులు వరండాలో ఊరికే కూర్చున్నారు. పిన్ని కంగారుపడి మా ఇంటికి కబురు పంపింది. మూడో రోజు నేను వెళ్లేసరికి మనిషి మామూలైపోయారు, చేతిలో పానా, బానెట్ ఎత్తి ఉంది.

‘‘ప్రెషరు సరే,’’ అన్నారు. ‘‘మేస్త్రీ ఏమన్నాడు? పంపు ఆయిలు తోస్తుందంతే అన్నాడు. ఎంత తోస్తోంది? అది ఏ గేజీ చెబుతుందిరా?’’

చదివేవాళ్లకి ఒక మనవి. ఏలూరు రోడ్డు మీద తెల్ల అంబాసిడర్ ఒకటి మీ పక్కన ఆగి ఎక్కమంటే మొహమాటం లేకుండా ఎక్కండి. బండి మంచిది, ఇంజను ఇంకా మంచిది. కాకపోతే వెనకసీట్లో కూర్చోండి. ముందు కూర్చున్నవాళ్లకి పుస్తకం, పెన్సిలు ఇస్తారు.