నౌకావిహారశాస్త్రి

టెక్సాసు రాష్ట్రమందలి డాలసు నగర పరిసరములలో, తెలుగువారు గుంపుగా కాపురమున్న పేటలయందు, ప్రతి పేటకును ఒక నౌకావిహారశాస్త్రి తప్పక యుండును. వృత్తిచేత ఆయన కంప్యూటరు నిపుణుడు కావచ్చును, బ్యాంకు ఉద్యోగి కావచ్చును, దంతవైద్యుడును కావచ్చును. ప్రవృత్తిచేత మాత్రము ఓడలకు లెక్కలు కట్టువాడు. పూర్వము మన గ్రామములందు పంచాంగము విప్పి తిథివారనక్షత్రములు నిర్ణయించు శాస్త్రులవారికి పెండ్లిలోని పప్పన్నముకంటె లగ్నశుద్ధియందు ఎట్టి మక్కువ యుండెడిదో, ఈయనకును కరీబియను సముద్రముకంటె ఆ సముద్రమునకు కొను టిక్కెట్టునందు అట్టి మక్కువ గలదు. సముద్రము ఎచ్చటికి పోవును? అది యుండనే యుండును. టిక్కెట్టుధర యట్లు కాదు. అది అర్ధరాత్రమునకు మారిపోవును.

ఈ శాస్త్రము జనవరినెలలో ప్రారంభమగును. ఓడల కంపెనీలు ఆ నెల మొదలు మార్చివరకు ధరలు తగ్గించితిమని చాటింపు వేయును. ఆ వ్యాపారములో దానికి వేవ్ సీజను అని పేరు. సామాన్యుడు ఆ చాటింపు విని, భార్యను సంప్రదించి, డబ్బు కట్టి, మరునాటికి ఆ సంగతి మరచి సుఖముగా నుండును. శాస్త్రిగారట్లుండలేరు. తగ్గినదన్న ధర నిజముగా తగ్గినదియో, ముందు పెంచి పిదప తగ్గించినదియో తేల్చుటకై ఆయన పోయిన యేటి ధరలనన్నిటిని పట్టికగా వ్రాసియుంచును. మార్చిలో బడిపిల్లలకు సెలవు గలదు గాని ధర మండిపడుచుండును. జూన్ 1 మొదలు నవంబరు 30 వరకు అట్లాంటికు తుపానుల కాలము. బడులు తెరచిన పిమ్మట సెప్టెంబరులో ధర చవుకయగును గాని తుపానుల యుద్ధృతియు సరిగా ఆ నెలయందే. ధర తక్కువ, సముద్రము శాంతము, పిల్లలకు సెలవు అను మూడు గ్రహములును ఒక్క రాశియందు చేరు వారమొకటి ఎచ్చటనో యున్నదని ఆయన దృఢవిశ్వాసము.

ఆయన పాండిత్యము ప్రకాశించు స్థలము పుట్టినరోజు విందు. ఇంటి వెనుక పెరటిలో మగవారు బిర్యానీ పళ్లెములు చేతబట్టి గుమిగూడి యుండగా, ఎవరో ఒక అమాయకుడు “ఈసారి క్రూజుకెళ్దామనుకుంటున్నామండీ” అనును. అంతటితో కరీబియనుసముద్రము మూడు ఖండములుగా విభజింపబడి అతనియెదుట పరచబడును. తూర్పు ఖండమున సెయింట్ థామసు గలదు. దానిని, దాని తోబుట్టు ద్వీపములను అమెరికా 1917లో డెన్మార్కునుండి రెండున్నర కోట్ల డాలర్ల బంగారమునకు కొన్నది. అమెరికా జెండా క్రిందనే యున్నను అచ్చట కార్లు ఎడమప్రక్కనే నడచును. దానికి తూర్పున సెయింట్ మార్టెను. ఆ చిన్నద్వీపమును ఫ్రెంచివారును డచ్చివారును 1648 నుండి పంచుకొని యేలుచున్నారు. మాహో యను తీరమున స్నానము చేయువారి తలలమీదుగా విమానములు దిగును. దక్షిణఖండమున ఆరూబా, క్యూరసావ్. ఇవి తుపానుల త్రోవకు దిగువన నుండుటచేత క్షేమమైనవి గాని దూరమైనవి. పశ్చిమమున గ్రాండ్ కేమన్. అచ్చట పెద్ద ఓడ కట్టుటకు రేవు లేదు గనుక చిన్నపడవలలో తీరమునకు దింపుదురు, ముసలివారున్నచో అది కష్టము. ఇక ఈ ఓడలన్నియు బహమాసు, పనామా మొదలగు పరదేశముల జెండాలు కట్టుకొని తిరుగునవి గనుక, అమెరికా రేవున ఎక్కించుకొన్నవారిని మరల అమెరికా రేవున దింపవలెనన్న నడుమ ఒక విదేశపు రేవైనను తాకితీరవలెనని 1886 నాటి చట్టము శాసించుచున్నది. ఈ చట్టమువద్దకు వచ్చునప్పటికి శాస్త్రిగారి కంఠము కొంచెము గద్గదమగును. వినుచున్న అమాయకుడు చుట్టును చూచి, “పెరుగుచట్నీ ఎటువైపు పెట్టారండీ?” అని యడుగును.

ఇంత భూగోళమును చుట్టి, కుటుంబమంతటికి విమానపు ఖర్చు కలిపి చూచుకొన్న పిమ్మట, శాస్త్రిగారు డాలసులోని తక్కిన తెలుగువారందరు ఏ ఆలోచనయు లేక పోవు చోటికే పోవ నిశ్చయింతురు. అనగా కారులో అయిదుగంటలు ప్రయాణించి గాల్వెస్టను రేవు చేరి, అచ్చట ఓడనెక్కి, మెక్సికో దేశపు కోజుమెలు ద్వీపమునకు పోవుట.

పిదప గదియొక్క యెంపిక. ఓడలోని గదుల జాతులు ముఖ్యముగా మూడు: కిటికీయే లేనిది, కిటికీ మాత్రమున్నది, బాల్కనీ గలది. ధర చెప్పువారు ఇంతటితో ఆపుదురు. శాస్త్రిగారి యధ్యయనము ఇచ్చటనే మొదలగును. ఓడ నడిమిభాగమున, క్రింది అంతస్తులలో ఊపు తక్కువ. ముందుకొనను, పై అంతస్తులలోను ఎక్కువ. ఈతకొలను క్రింద గది దొరకెనా, తెల్లవారకముందే పనివారు కుర్చీలు లాగు చప్పుడు. నాట్యశాలమీద దొరకెనా, నడిరేయి దాటువరకు వాయిద్యముల దరువు. కాబట్టి పైనను గదులే, క్రిందను గదులే యుండి, నిద్రించువారికిని నిద్రించువారికిని నడుమ నిద్రింపగల గదియే ఉత్తమమని సిద్ధాంతము. ఈ సిద్ధాంతము ఆయనకు ఎంతగా ఒంటబట్టినదనగా, ఎవరైనను ఓడప్రయాణము చేసివచ్చితిమని చెప్పగానే, క్షేమమడుగుటకు ముందే “ఏ డెక్కు?” అని యడుగును.

డ్రింకు ప్యాకేజి యనునది వేరొక మీమాంస. రోజునకింత యని ముందుగా కట్టినచో కాఫీలు, సోడాలు, మద్యములు కోరినన్ని త్రాగవచ్చును. అయితే ఒక గదిలోని పెద్దవారిలో ఒకరు కొన్నచో రెండవవారును కొనితీరవలెనని పెక్కు కంపెనీల నియమము. శాస్త్రిగారు త్రాగునది పండుగకొక బీరు. ఆయన యిల్లాలు త్రాగునది ఫిల్టరు కాఫీ, అదియు చిక్కగా లేకున్న అవతల పెట్టును. అయినను, పెట్టిన సొమ్ము గిట్టవలెనన్న రోజునకు ఎన్ని గ్లాసులు త్రాగవలెనో ఆయన లెక్కించి, ఆ సంఖ్యను చూచి తానే భయపడి, ఆ రాత్రి భార్యను సలహా యడిగెను.

“కొనకపోతే ఏమౌతుందండీ?”

“కొనకపోతే ప్రతి గ్లాసుకీ పద్దెనిమిది శాతం సర్వీసు చార్జీ వేస్తారు.”

“తాగకపోతే?”

శాస్త్రిగారి పట్టికలో ఆ గడి లేదు.

ఈయనను లోభి యనువారు కలరు గాని అది అన్యాయము. మిగిల్చిన నలుబది డాలర్లను ఆయన అదే సాయంకాలము మిత్రులకు ఫలహారములు పెట్టి వ్యయము చేయగలడు. ఆ మిగిల్చిన విధానమును వారు విన్నచో చాలును. నాకు తోచునదేమనగా, ఇరువదిమూడు కిలోల చొప్పున రెండు పెట్టెలను స్నానాలగది త్రాసుమీద తూచి తూచి ఈ దేశమునకు వచ్చి, ఒక్క కాగితము తక్కువైన బ్రదుకు తలక్రిందులగు వీసాల కొలువులో యౌవనమంతయు గడపినవానికి, ముందుచూపు గుణముగా గాక వ్యాధిగా పరిణమించుట సహజము. అమెరికా పౌరులు బయలుదేరిన రేవునకే తిరిగివచ్చు ఓడప్రయాణమునకు పాసుపోర్టు లేకున్నను జననపత్రమును, ఫొటోగల గుర్తింపుకార్డును సరిపోవునని ఆయన యెరుగును. ఎరిగియు పిల్లల పాసుపోర్టులు, జననపత్రములు, టీకాల చీట్లు, వానియన్నింటి నకళ్లు, ఆ నకళ్లకు ఫోనులో ఛాయలు సిద్ధపరచును.

ప్రయాణము దాపునకు వచ్చుకొలది ఇల్లు ఓడసామగ్రి కొట్టుగా మారిపోవును. ఓడగదుల గోడలు ఉక్కువి గనుక టోపీలు, తువ్వాళ్లు వ్రేలాడదీయుటకు అయస్కాంతపు కొక్కెములు వచ్చినవి. కడుపు త్రిప్పుటకు మందుబిళ్లలు, చెవి వెనుక నంటించు పట్టీలు, అల్లపు చాక్లెట్లు, మణికట్టు కట్లు వచ్చినవి. అగ్నిభయముచేత ఇస్త్రీపెట్టెయు, రైసుకుక్కరును ఓడలోనికి నిషిద్ధములనియు, ఇంట చేసిన తినుబండారములును కూడవనియు శాసనము వెలువడినది. ఈ శాసనము ముఖ్యముగా అత్తగారి నుద్దేశించినది. ఆ యమ్మ ఆ యేడు కూతురిని చూడవచ్చియుండెను. అల్లుడు ఆమెకు ధైర్యము చెప్పదలచియో, భయము చెప్పదలచియో, ఎదుట కూర్చుండి, 1900 సెప్టెంబరులో గాల్వెస్టను పట్టణమును తుపాను ముంచి వేలమందిని పొట్టబెట్టుకొన్నదనియు, అటుపిమ్మట పట్టణమువారు సముద్రమున కడ్డుగా గోడకట్టి నేలమట్టమునే ఎత్తుచేసికొనిరనియు సవిస్తరముగా ఉపన్యసించెను. 1977 నవంబరు ఉప్పెనను దివిసీమలో కన్నులార చూచిన ఆ వృద్ధురాలు అంతయు ఓపికగా విని, “ఉప్పెన సంగతి నాకు తెలుసులే బాబూ. కారప్పొడి ఏ సంచిలో పెట్టమంటావు?” అని యడిగెను.

“కారప్పొడి వద్దు అత్తయ్యగారూ, రూలు ఒప్పుకోదు.”

ఆమె మారుమాటాడలేదు. మౌనమును ఆయన అంగీకారముగా గ్రహించెను.

ప్రయాణమునుగూర్చి చెప్పవలసినది స్వల్పము. సముద్రము ఆ వారమంతయు నిశ్చలముగా నుండుటచేత ఎవ్వరికిని కడుపు త్రిప్పలేదు. మందులన్నియు వృథాయైనందుకు శాస్త్రిగారు లోలోన నొచ్చుకొనిరి. భోజనశాలలో శాకాహారమునకై ఆయన మూడుమాసములు ముందుగనే వ్రాసికొన్న విన్నపముల నకలును జేబునుండి తీయుచుండగా, అత్తగారు వడ్డించు ముంబయి కుర్రవానివైపు తిరిగి, తనకు వచ్చిన రెండు హిందీ మాటలతో పెరుగును, అన్నమును అడుగుటయు, అతడు నవ్వి తెచ్చిపెట్టుటయు, ఆమె చేతిసంచిలోనుండి విటమిను మాత్రల సీసా తీసి, మూత విప్పి, కారప్పొడి చల్లుకొనుటయు జరిగిపోయినవి. ఆనాటినుండి ఆ కుర్రవాడు ఆమెను చూడగానే పెరుగు తెచ్చెడివాడు. విన్నపము పనిచేసినదని శాస్త్రిగారి నమ్మకము.

కోజుమెలు దిగుటకు ముందురాత్రి ఆయన కుటుంబమును కూర్చుండబెట్టి తన విద్యలోకెల్ల రహస్యమైన దానిని బోధించెను. ఆ ద్వీపమున్న కింతానా రో రాష్ట్రము 2015లో గడియారమును మార్చుకొన్నది. వేసవిలో టెక్సాసు కాలమును దాని కాలమును ఒక్కటే, చలికాలమున అది ఒక గంట ముందు. ఓడ మాత్రము తన కాలమునే పాటించును. దీనిని తెలియక రేవుకట్టమీద చెప్పులు చేతబట్టి పరుగిడువారిని, ఓడ కదలిపోవుచుండగా చేతులూపువారిని ఆయన వీడియోలలో పెక్కుసారులు చూచియుండెను. అది వేసవి గనుక ఈ జ్ఞానముచే ప్రయోజనము లేదని పెద్దకొడుకు మెల్లగా సూచించెను. “అయినా తెలిసుండాలి” అని ఆయన సమాధానము.

ద్వీపపు ఉత్తరభాగమున సాన్ హెర్వాసియో యను మాయాజాతివారి శిథిలాలయములు గలవు. ఇష్చెల్ అను దేవతకు మ్రొక్కుటకై పూర్వము ఆ జాతి స్త్రీలు ప్రధానభూమినుండి పడవలలో సముద్రము దాటి వచ్చెడివారట. కాన్పులను కాచు తల్లియట. ఈ మాట వినగానే అత్తగారు ఒక రాతిమెట్టుమీద చతికిలబడి, “ఆడవాళ్లు ఒంటి ప్రాణంతో సముద్రం దాటి వచ్చారా తల్లీ” అని చేతులు జోడించి, కదలనని కూర్చుండెను. ఉడుములవంటి పెద్దబల్లులు ఆ రాళ్లపై ఎండ కాచుకొనుచుండెను. పట్టికలో ఆ స్థలమునకు నలుబది నిమిషములు మాత్రమే యుండుటచేత శాస్త్రిగారు గడియారమును చూచుచు చెట్టుచుట్టు తిరిగిరి. ఎట్లో అందరిని కూడదీసి, ఓడ కదలుటకు రెండుగంటలకు ముందే ఎక్కించిరి. క్రింద తీరమున పరజనము ఈదుచుండగా, ఆడుచుండగా, ఈ కుటుంబము పై అంతస్తున కిరకిరలాడు కుర్చీలమీద క్షేమముగా కూర్చుండి వారిని చూచెను.

తిరిగివచ్చిన మరునెల పొరుగింటివారు అదే ఓడనెక్కిరి. శాస్త్రిగారు తన పట్టికలన్నింటిని వారికి పంపిరి. వారు కృతజ్ఞతలు తెలిపి వానిని తెరవలేదు. బయలుదేరుటకు పదిదినముల ముందు ఏదో మిగిలిన గదిని పుచ్చుకొని, రెండు సంచులతో పోయి, నల్లబడి, నవ్వుచు తిరిగివచ్చిరి. వారి యింట తేనీటి విందున ఆయన ఎంతో నిగ్రహముతో ఒక పకోడీ ముగిసినదాక ఆగెను.

“ఏ డెక్కు?”

“గుర్తులేదన్నయ్యగారూ. మా నెత్తిమీదే ఈతకొలను ఉండేది.”

శాస్త్రిగారి ముఖము వికసించెను. “అనుకున్నా! తెల్లవారుజామున కుర్చీలు లాగుతారు. నిద్ర పట్టి ఉండదే!”

“పట్టిందండీ. పగలు కూడా పట్టింది.”