గురికి మసే మందు

మసి పూసి మారేడుకాయ చేశాడంటే మన లెక్కలో అది మోసం. పిస్టల్ గురిపోటీల్లో మాత్రం మసి పూయకపోతేనే మోసం, మోసపోయేది పూయనివాడి కన్నే. గొట్టం కొసన నిలబడే చిన్న ఉక్కు ముక్క ఫ్రంట్ సైట్, వెనక గాడి ఉన్నది రియర్ సైట్. పెట్టెలో పెట్టీ తీసీ, గుడ్డతో తుడిచీ తుడిచీ వాటి నల్లపూత అరిగిపోతుంది. ముందుగా తెల్లబడేవి అంచులే. ఇత్తడి బిందెని చింతపండు పెట్టి తోమి తళతళలాడిస్తే తప్ప శుభ్రమనుకోని ఇళ్లలో పెరిగినవాళ్లకి ఆ మెరుపు ముచ్చటగానే కనిపిస్తుంది. దాన్ని పోగొట్టడానికి ఎదురు డబ్బు పెట్టాలంటే అసలు మింగుడుపడదు. నేననేది ఆ డబ్బు కూడా అక్కర్లేదని. సైటు నల్లగా ఉండటం కన్నా మెరవకుండా ఉండటం ముఖ్యం. ఆ పని ఖరీదైన పూతల కన్నా దీపం మసి బాగా చేస్తుంది.

చాదస్తం అనేముందు లెక్క చూడండి. పది మీటర్ల ఎయిర్ పిస్టల్ లక్ష్యంలో పది పాయింట్ల వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు. రెండు సైట్ల మధ్య దూరం 33 సెంటీమీటర్లు అనుకుందాం. ఫ్రంట్ సైట్ గాడి మధ్య నుంచి మిల్లీమీటరులో పదో వంతు పక్కకి జరిగితే, లక్ష్యం దగ్గర ఆ తప్పు ముప్ఫై రెట్లై మూడు మిల్లీమీటర్లవుతుంది. ఫైనల్లో దశాంశాల్లో లెక్క కడతారు, ప్రతి 0.8 మిల్లీమీటర్లకీ 0.1 పాయింటు పోతుంది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మన షూటర్ మను భాకర్ ఆ 0.1 తేడాతోనే రజతం వదులుకుని కాంస్యం తెచ్చుకుంది (ఆమె సైట్లు మెరిశాయని నా ఉద్దేశం కాదు, దశాంశం ఖరీదు చెబుతున్నానంతే). గురి చూసేటప్పుడు కన్ను నిలవాల్సింది ఫ్రంట్ సైట్ మీద, లక్ష్యం మసకగా ఉన్నా ఫరవాలేదు. సైటుకి రెండు పక్కలా కనిపించే వెలుగు సందులు సమానంగా ఉన్నాయా లేదా అన్నదే కంటికున్న ఏకైక కొలబద్ద. ఒక పక్క నుంచి దీపం పడి అంచు మెరిసిందా, కన్ను ఆ మెరుపుని సైటులోనైనా కలుపుతుంది, సందులోనైనా కలుపుతుంది. ఎందులో కలిపినా మధ్య తప్పుతుంది. పైఅంచు మెరిస్తే లక్ష్యపు తెల్లకాగితంలో కలిసిపోయి సైటు పొట్టిగా కనబడుతుంది. షూటర్ దాన్ని ఇంకాస్త పైకెత్తుతాడు, గుండు కూడా ఆ లెక్కనే పైకి పోతుంది. తర్వాత తిట్లు తినేది గుండు.

పోయిన నలుపు తెప్పించడానికి బజార్లో సెలీనియం ద్రావకాలున్నాయి. ముందు జిడ్డు పూర్తిగా వదిలించాలి, చేతికి తొడుగులు వేసుకోవాలి ఎందుకంటే అది విషం, పైగా అల్యూమినియం మీద ఈ ఉక్కు మందు పనిచేయదు. ఇంతా చేశాక తుప్పు పట్టకుండా నూనె రాయాలి, నూనె రాస్తే మళ్లీ మెరుస్తుంది! మార్కర్ పెన్ను గీతలకి దీపం కింద ఊదారంగు తళుకు వస్తుంది. మసి సంగతి వేరు. గుల్లగా పేరుకున్న ఆ బొగ్గు రేణువుల మధ్యకి దూరిన వెలుగు తిరిగి బయటికి రాదు. కర్పూరం, కిరోసిన్, ఆముదం దీపం, ఏదైనా సరే. అమెరికా షూటర్లు కార్బైడ్ దీపం వాడేవారు. మామిడికాయలు మగ్గేస్తున్నారని మన దగ్గర నిషేధించిన కార్బైడ్ అదే, వచ్చే ఎసిటిలీన్ వాయువూ అదే. కాయకి పట్టించకూడదు గానీ సైటుకి పట్టిస్తే ఎవరికీ ఇబ్బంది లేదు. ఒక్క జాగ్రత్త: పిస్టల్ ఖాళీ అని రెండుసార్లు చూసుకుని, సైటు ముక్కని ఊడదీసి మాత్రమే పొగ పట్టించాలి. 200 బార్ల ఒత్తిడితో గాలి నింపిన పిస్టల్ సిలిండర్ పక్కన హారతి వెలిగించడం ఏ దేవుడూ కోరని పూజ. సైటు ప్లాస్టిక్‌దైతే ఊడదీసి కూడా ఆ పూజ వద్దు.

వేలు తగిలితే మసి రాలిపోతుందంటారు. రాలాలి కూడా. ప్రతి పోటీకి ముందు కొత్త పొర వేసుకుంటాం, పాతది తుడిచేస్తాం, లోహం అరగదు, పూత మందమెక్కదు. ఒరలో దూర్చి రోజంతా తిరిగే పోలీసు పిస్టల్‌కి ఇది పనికిరాదని ఒప్పుకుంటాను, దానికి ద్రావకమో మెరవని రంగో వేసుకోవాల్సిందే. తెల్లచుక్కల సైట్లు పెట్టుకోవచ్చు కదా అంటారా, చీకట్లో తొందరగా కాల్చాల్సినవాడికి మంచివే. గురిపోటీలో మాత్రం చుక్క వెంటపడ్డ కన్ను అంచుని వదిలేస్తుంది. మరి అదే పారిస్‌లో చేయి జేబులో పెట్టుకుని, మామూలు కళ్లద్దాలతో రజతం కొట్టిన టర్కీ షూటర్ యూసుఫ్ డికెచ్ మాటేమిటి, ఆయనకి ఈ హంగులేవీ లేవుగా అని అడిగేవారున్నారు. ఆయన వదిలేసింది ప్రత్యేకమైన కళ్లద్దాల్ని, సైట్లని కాదు. జేబులో ఉన్నది ఒక చెయ్యే.

ఇంతకీ పొగ పెట్టే ఓపిక లేనివాళ్ల కోసం సైటు నల్లబరిచే స్ప్రే డబ్బాలు కూడా అమ్ముతున్నారు. కొనుక్కోండి, నాకేం అభ్యంతరం లేదు. పూజగదిలో కర్పూరం ఎవరు అవగొట్టారన్న విచారణన్నా తప్పుతుంది.