చిప్పు మహిమ

మా బాబాయి జన్మలో కొన్నది ఒకటే కారు, డేవూ సియెలో. 1995లో ఆ బండి మన దేశంలోకి దిగింది. రొయ్యల చెరువు కలిసొచ్చిన ఏడు బాబాయి దాన్ని రేపల్లెకి తెచ్చుకున్నాడు. తర్వాత చెరువుకి తెల్లమచ్చ తెగులొచ్చింది, కారు కంపెనీ మూతబడింది. కారు మాత్రం తెనాలి మేస్త్రి పుణ్యమా అని తిరుగుతూనే ఉంది. 2022లో రేపల్లె బాపట్ల జిల్లాలోకి వెళ్ళి తెనాలి గుంటూరు జిల్లాలోనే మిగిలిపోయింది. జిల్లా మారినా బాబాయి మేస్త్రిని మార్చలేదు.

కారుకి గండం అల్లుడి రూపంలో వచ్చింది. మా అక్క మొగుడు, నాకు బావ. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కార్ల మాటెత్తితే అన్నం కూడా మర్చిపోతాడు. సంక్రాంతికి వచ్చి అరిసెలు తిని ఊరుకోకుండా కారు తాళాలడిగాడు. పండక్కి అల్లుడడిగింది కాదంటే ఊళ్ళో తలెత్తుకోగలమా? బాబాయి ఇచ్చేశాడు.

నెల తిరిగేసరికి కారు కొత్త ఇంజెక్టర్లతో వచ్చింది. పాతవాటికి ఒకటిన్నర రెట్లు పెట్రోలు పోసే రకం. వాటికి సరిపడా లెక్కలు రాయించిన కొత్త చిప్పు కూడా. మొత్తం పాతికవేలు. చెక్ ఇంజిన్ లైటు ఊరికే వెలుగుతూ విసిగిస్తోందని దాని బల్బు కూడా పీకించేశాడు. “ఇప్పుడు చూడండి మావయ్యగారూ, పికప్పు!” అన్నాడు. బాబాయి సీటు బెల్టు వెతుక్కున్నాడు.

ఉగాది నాడు అందరం సూర్యలంక బయల్దేరాం. చెరుకుపల్లి దాటాక బండి దగ్గడం మొదలెట్టింది. వెనకాల నల్లటి పొగ, లోపల పెట్రోలు కంపు. నాలుగు కుదుపులు కుదిపి ఆగిపోయింది. సముద్రస్నానం మాట దేవుడెరుగు, ట్రాక్టరుకి కట్టించుకుని తెనాలి చేరాం.

మేస్త్రి ప్లగ్గులు విప్పాడు. మసిబారి, పెట్రోల్లో తడిసి ఉన్నాయి. తర్వాత కారు కంప్యూటరు మూత తీశాడు. చేతిగడియారమంత పలక మీద ఒక పక్క చిప్పు, ఒక పక్క రెసిస్టర్ల గుంపు. గతుకులకి చిప్పు సాకెట్లోంచి ఒక కొస లేచి ఉంది.

“చిప్పు లేచింది సరే. మరి బండి ఎందుకాగిందంటారు?” అన్నాడు మేస్త్రి, బావ వంక చూస్తూ.

“చిప్పు లేస్తే ఆగదా?”

“ఆగకూడదండీ. చిప్పు లెక్క తప్పితే ఈ డబ్బా ప్రాసెసర్ని పక్కనపెట్టి రెసిస్టర్ల మాట వింటుంది. యాక్సిలేటరు ఎంత తొక్కారు, ఇంజిను ఎన్ని చుట్లు తిరుగుతోంది, నీళ్ళెంత వేడెక్కాయి, ఈ మూడే చూసి పెట్రోలు పోస్తుంది. ఆక్సిజన్ సెన్సరు మొత్తుకున్నా పట్టించుకోదు. బండివాడు నిద్రపోయినా ఎద్దులు ఇంటికి చేర్చినట్టు, మెల్లగా షెడ్డు దాకా లాక్కొస్తుంది.”

“మరి లాక్కురాలేదేం?” అన్నాడు బాబాయి.

“ఈ రెసిస్టర్లు పాత ఇంజెక్టర్ల కొలతకి పెట్టినవి బాబుగారూ. పాతవి మూడు మిల్లీసెకన్లు తెరుచుకునే చోట కొత్తవి రెండు తెరుచుకుంటే చాలు. ఆ సంగతి చిప్పుకి చెప్పారు గానీ వీటికి చెప్పినవాడు లేడు. ఇవి మూడూ తెరిచిపెట్టాయి. ఇంజిను పెట్రోల్లో మునిగింది.” కాస్త ఆగి అన్నాడు: “అయినా గాలి పెంచకుండా పెట్రోలు పెంచితే పవరెక్కడిదండీ? పొగొస్తుంది గానీ.”

బావకి ఒళ్ళు మండింది. “చిప్పు గట్టిగా నొక్కు, చాలు. తుక్కులో కూర్చుని నాకు ఎలక్ట్రానిక్సు చెప్పకు.”

“తుక్కుని తెనాల్లో అంత మాటనకండి అల్లుడుగారూ. 2021లో పాత ఇనప తుక్కుతో 14 అడుగుల మోదీ విగ్రహం చేశారు ఈ ఊళ్ళోనే.”

బావ ఆ సాయంత్రమే బస్సెక్కి హైదరాబాదు వెళ్ళిపోయాడు. కారు షెడ్డులోనే ఉంది. మర్నాడు బాబాయి నన్ను వెంటబెట్టుకుని మళ్ళీ తెనాలి వెళ్ళాడు.

“చిప్పు పూర్తిగా ఊడిపోయినా బండి ఇల్లు చేరేట్టు చెయ్యగలవా?”

“రెసిస్టర్లు మారిస్తే చేరుతుంది. ఎగిరెగిరి పడదు. నిప్పు టైమింగు కూడా ఉన్నచోటే ఉంటుంది కాబట్టి పరుగు తగ్గుతుంది.”

“అదే కావాలి,” అన్నాడు బాబాయి.

మేస్త్రి చిప్పు పీకి కాగితంలో మడిచి పక్కన పెట్టాడు. పాత రెసిస్టర్లు ఊడదీసి, వాటి చోట సన్నటి వైర్లతో తిప్పుడు రెసిస్టర్లు అతికాడు. ఇంజిను స్టార్టు చేసి, స్క్రూడ్రైవరు కొసతో ఒక్కొక్క దాన్నీ వెంట్రుకవాసి తిప్పుతూ సైలెన్సరు వైపు చెవొగ్గాడు. ముందు గుడగుడ, తర్వాత దగ్గు, తర్వాత ఒకే మోత. ఆపి ప్లగ్గు తీస్తే నలుపు. ఇంకాస్త తిప్పి, కాసేపు పరిగెత్తించి మళ్ళీ తీస్తే బిస్కట్ రంగు. “ఇదీ,” అన్నాడు. చల్లటి ఇంజిను ఎలా లేస్తుందో చూడాలని కారుని రాత్రంతా ఉంచుకుని, తెల్లారి నీళ్ళ వేడి చూసే దాన్ని సరిచేశాడు. ఆఖర్న మీటరు పెట్టి కొలిచి, అదే కొలతకి మామూలు రెసిస్టర్లు ఏరి టంకం వేశాడు. రెసిస్టర్లకైన ఖర్చు టీ డబ్బులు. పనికి బాబాయి ఇచ్చినంత తీసుకున్నాడు.

ఆ తర్వాత బావ వచ్చినప్పుడల్లా కారు తీశాడు. తెనాలి నుంచి వేమూరు, భట్టిప్రోలు మీదుగా రేపల్లె వచ్చి, “చిప్పు సెట్టయింది మావయ్యగారూ, పికప్పు అదిరిపోతోంది!” అనేవాడు. ఎనభై దాటట్లేదేమిటంటే రోడ్డు బాగాలేదనేవాడు. పెట్రోలు తాగుతోందంటే పవరున్న బండికి ఆ మాత్రం ఆకలుంటుందనేవాడు. బాబాయి తలూపేవాడు.

దసరాకి బావ బాపట్లలో ఉన్న స్నేహితుణ్ణి పట్టాడు. అతనిదీ పాత సియెలోనే. చిప్పుకి కాపీ తీయించి ఇస్తానని పదిహేను వేలకి బేరం. సూర్యలంకలో, సరుగుడు తోపు పక్కన, స్నేహితుడు మా కారు తోలి చూశాడు.

“నాకేం తేడా తెలీట్లేదురా.”

“తెలియాలంటే కాల్లో కళ ఉండాలి,” అన్నాడు బావ. చిప్పు చూపిస్తానని వంగి కంప్యూటరు మూత తీశాడు. సాకెట్లో చిప్పు లేదు. వరసగా చిల్లులున్నాయి.

బావ మొహం మాడిపోయింది. ఫోన్ తీసి మేస్త్రిని పట్టుకుని, “నా చిప్పు కొట్టేశావు కదూ! పోలీసు రిపోర్టిస్తాను!” అని అరిచాడు.

“మీ మావగారు పక్కనే ఉన్నారాండీ?” అంది స్పీకర్లోంచి మేస్త్రి గొంతు. “వారినడగండి.”

బాబాయి చొక్కా జేబులోంచి బీపీ మాత్రల డబ్బా తీశాడు. మాత్రల మధ్యనుంచి మడత కాగితం తీసి, విప్పి, రెండు చేతులా అందించాడు.

“తీసుకోండి అల్లుడుగారూ. ఉగాది మర్నాటినుంచీ నా దగ్గరే ఉంది. మీరు తోలుతుంటే అమ్మాయి కళ్ళు మూసుకుని కూర్చుంటోందని తీయించాను. చెబుదామనే అనుకున్నాను. మీరేమో వచ్చిన ప్రతిసారీ చిప్పుని అంతలా మెచ్చుకుంటున్నారు. మధ్యలో అడ్డం రావడం మర్యాద కాదని ఊరుకున్నాను.”