నడుస్తాదిలే సామీ!

ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు మారే ముందు కంప్యూటర్‌లోని భాగాలు దానితో పొసగుతాయో లేదో చూసుకోవడం ఒక పద్ధతి. తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో ఈ పని సిస్టమ్ ఎక్కించిన మరునాడు జరుగుతుంది. ముందురోజు జరిగేది అభయప్రదానం: “ఏం గాదులే సామీ, లినక్స్ దేనిమీదైనా నడుస్తాది.”

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు మద్దతు ముగిసింది. అప్పటి నుంచి ఈ అభయానికి గిరాకీ ఎక్కువైంది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదో తరానిదో, ఆ తర్వాతదో అయి ఉండాలి. ఆ తరం మొదలైంది 2017లో. బాలాజీ కాలనీ జిరాక్స్ షాపుల్లో, చిత్తూరు డీటీపీ సెంటర్లలో అంతకంటే పాత యంత్రాలు నిక్షేపంగా పనిచేస్తుంటాయి. వాటికి లినక్స్ మంచి దారే. ఆ మాటలో వెటకారమేమీ లేదు, ఉన్నదల్లా ఆ దారి పట్టించే తీరులోనే. అలిపిరి దగ్గర డిక్కీ తెరిచి చూపించనిదే కారును కొండమీదికి వదలరు. ఏళ్ల నాటి లెక్కలు, పిల్లల ఫొటోలు దాచుకున్న కంప్యూటర్‌లో మాత్రం ఏమీ తెరిచి చూడకుండానే ‘ఎరేజ్ డిస్క్’ నొక్కేస్తారు.

అభయశాస్త్రంలో మొదటి సూత్రం: లినక్స్ పాత కంప్యూటర్లకు ప్రాణం పోస్తుంది. ఎంత పాతవాటికి అన్న ప్రశ్న ఈ శాస్త్రం సిలబస్‌లో లేదు. లినక్స్ రకాల్లో ఒకటైన ఉబుంటు 32 బిట్ డెస్క్‌టాప్ ఇన్‌స్టాలర్‌ను 2017లోనే మానేసింది. మరో రకమైన డెబియన్ ఓపిక పట్టి, 2025 ఆగస్టులో వచ్చిన 13వ వెర్షన్‌తో మానేసింది.

కొత్త ల్యాప్‌టాప్‌లకు వేరే సూత్రం ఉంది: కంపెనీ పేరు పెద్దదైతే చాలు. కానీ మూతమీది పేరును లినక్స్ గుండెకాయ అయిన కెర్నెల్ చదవదు, లోపలి చిప్‌ను చదువుతుంది. మీడియాటెక్ ఎంటీ7921 వై-ఫై చిప్‌కు 2021లోనే కెర్నెల్‌లో డ్రైవర్ వచ్చింది. పేరుకు దాని తమ్ముడిలా కనిపించే ఎంటీ7902 ల్యాప్‌టాప్‌లలో అమ్ముడుపోతూనే, ఏళ్ల తరబడి డ్రైవర్‌కు నోచుకోలేదు. ఒకే మోడల్‌లో ఒక విడతకు ఒక చిప్, మరో విడతకు ఇంకో చిప్ పెట్టడమూ కంపెనీలకు అలవాటే. అందుకే “మా బావమరిదికి ఇదే ల్యాప్‌టాప్, వాడికి నడస్తా ఉంది” అన్న సాక్ష్యం చెల్లదు.

పాత బ్రాడ్‌కామ్ చిప్‌ల కథ మరీ రసవత్తరం. బీసీఎం43142 వంటి వాటికి కంపెనీ డ్రైవర్‌ను విడిగా తెచ్చుకోవాలి. తెచ్చుకోవడానికి ఇంటర్నెట్ కావాలి. ఇంటర్నెట్ రావాలంటే ఆ డ్రైవరే కావాలి. అభయమిచ్చిన నిపుణుడు సాధారణంగా ఈ దశలో ఫోన్ ఎత్తడు. ఆండ్రాయిడ్ ఫోన్‌ను కేబుల్‌తో తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ పెడితే గండం గడుస్తుందని ఎవరో ఒకరు చెప్పేసరికి రెండు రోజులు గడిచిపోతాయి.

ఇన్‌స్టాలర్‌కు హార్డ్ డిస్కే కనబడకపోవడం ఇంకో ముచ్చట. బయాస్‌లో స్టోరేజ్ ఇంటెల్ ఆర్ఎస్‌టీ పద్ధతిలో ఉంటే అలా అవుతుంది. చదివింది గుర్తొచ్చి ఏహెచ్‌సీఐకి మారిస్తే డిస్కు కనబడుతుంది. ఆ మార్పుకు విండోస్‌ను ముందే సిద్ధం చేయకపోతే అది లేవడం మానేస్తుంది. బిట్‌లాకర్ ఉంటే రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ ఎక్కడుందో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

అసలు పరీక్ష ప్రింటర్ దగ్గర. జిరాక్స్ షాపులకు ఏళ్లుగా అన్నం పెట్టిన క్యానన్ ఎల్‌బీపీ 2900కు పోస్ట్‌స్క్రిప్ట్ వంటి అందరి భాష రాదు; క్యాప్ట్ అనే సొంత భాషే వచ్చు. లినక్స్‌కూ క్యానన్ ఒక డ్రైవర్ ఇచ్చింది గానీ, దాన్ని నిలబెట్టడం నియమనిష్ఠలతో చేసే వ్రతం. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020కి స్విచ్ వేసినప్పుడల్లా ఫర్మ్‌వేర్‌ను కంప్యూటరే ఎక్కించాలి. దానికి హెచ్‌పీ ప్లగిన్ వేరే. హాల్‌టికెట్ ప్రింట్ కోసం నిలబడ్డ ఇంటర్ విద్యార్థికి ఈ వివరాలేవీ అక్కర్లేదు. నెట్‌వర్క్‌లో ఎయిర్‌ప్రింట్ పలికే కొత్త ప్రింటర్లు చాలావరకు డ్రైవర్ లేకుండానే పనిచేస్తాయన్నది ఈ కథలో శుభవార్త.

ఆధార్ వేలిముద్ర యంత్రాలకు ఆర్‌డీ సర్వీస్ అనే సాఫ్ట్‌వేర్ కావాలి. తయారీదారులు దాన్ని ప్రధానంగా విండోస్, ఆండ్రాయిడ్‌ల కోసమే ఇస్తారు. పేజ్‌మేకర్, అను ఫాంట్లు హార్డ్‌వేర్ కాదు కాబట్టి ఈ వ్యాసం పరిధిలోకి రావు; పెళ్లిపత్రికలు వేసే డీటీపీ షాపు పరిధిలోకి మాత్రం తప్పకుండా వస్తాయి.

ఇవన్నీ ఏకరువు పెడితే అభయవాదులు చివరి అస్త్రం తీస్తారు: తప్పు లినక్స్‌ది కాదు, డ్రైవర్ ఇవ్వని కంపెనీది. నిజమే. 2012లో ఫిన్లాండ్‌లోని ఆల్టో విశ్వవిద్యాలయంలో లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ గ్రాఫిక్స్ కార్డుల కంపెనీ ఎన్విడియాకు మధ్యవేలు చూపించింది అందుకే. పదేళ్ల తర్వాత, 2022 మేలో, ఎన్విడియా తన కొత్త తరాల కార్డులకు కెర్నెల్ మాడ్యూళ్లను ఓపెన్ సోర్స్ చేసింది. జిరాక్స్ షాపు యజమానికి పదేళ్ల ఓపికా లేదు, అంత పలుకుబడి ఉన్న వేలూ లేదు.

పరీక్ష పెద్ద విద్యేమీ కాదు. విండోస్ ఉండగానే డివైస్ మేనేజర్‌లో ఒక్కో భాగం ప్రాపర్టీస్ తెరిస్తే హార్డ్‌వేర్ ఐడీ కనబడుతుంది. అందులో తయారీదారు సంఖ్య ఒకటి, పరికరం సంఖ్య ఒకటి ఉంటాయి. ఇంటెల్ తయారీదారు సంఖ్య 8086, అంటే 1978 నాటి దాని ప్రాసెసర్ పేరే. ఆ సంఖ్యలకు లినక్స్ అని చేర్చి వెతికితే ముందే నష్టపోయినవాళ్ల అనుభవాలు దొరుకుతాయి. తర్వాత పెన్‌డ్రైవ్‌లో లైవ్ సిస్టమ్ వేసి, డిస్కును ముట్టుకోకుండా బూట్ చేయాలి. వై-ఫై, శబ్దం, కెమెరా, బ్లూటూత్ చూడాలి. మూత వేసి నిద్రపుచ్చి మళ్లీ లేపాలి. లేవని ల్యాప్‌టాప్‌లు ఉన్నాయి. ప్రింటర్ తగిలించి ఒక పేజీ తీయాలి. ఆడిటర్ ఆఫీసైతే డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ కూడా గుచ్చి చూడాలి. ఈపాస్ 2003 వంటి వాటికి లినక్స్ డ్రైవర్లున్నాయి.

లైవ్ సిస్టమ్ తెరమీద ‘ఇన్‌స్టాల్’ అనే గుర్తు ఎదురుగానే కనబడుతూ ఉంటుంది. డేటా అంతా వేరే డిస్కులోకి కాపీ చేసి, ప్రింటర్‌లోంచి కాగితం బయటికొచ్చేదాకా దాన్ని నొక్కొద్దు.